దెయ్యానికి గొంతు ఇవ్వబోతున్న మేనకోడలికి

సాలిగ్రామం, చెన్నై

బుజ్జీ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి "నీ మేనకోడలు దెయ్యం అవుతోందక్కా" అన్నాడు. నా గుండె జారిపోయింది. తర్వాత నవ్వుతూ అసలు సంగతి చెప్పాడు. ఏదో తమిళ వెబ్ సిరీస్‌ని తెలుగులోకి డబ్ చేస్తున్నారట, దెయ్యానికి నీ గొంతు సెలెక్ట్ అయిందట, ఆఫీసుకి వారం సెలవు కూడా పెట్టేశావట. నాకెందుకు చెప్పలేదే? ముప్పై ఏళ్ళు ఈ కోడంబాక్కంలో దెయ్యాలకీ, పనిమనుషులకీ, హీరోయిన్ స్నేహితురాళ్ళకీ డబ్బింగ్ చెప్పినదాన్ని! సంతోషంగానే ఉందిలే. రాత్రంతా నిద్ర పట్టలేదు, అది వేరే సంగతి. ఫోన్‌లో చెబితే "సరే అత్తా, సరే అత్తా" అంటూ ల్యాప్‌టాప్ చూసుకుంటావు. అందుకే రాస్తున్నాను.

ఖాళీ కడుపుతో వెళ్ళకు. గోరువెచ్చటి నీళ్ళు పక్కన పెట్టుకో. గాజులు, పట్టీలు తీసెయ్, మైక్ అన్నీ పట్టేస్తుంది. డబ్బు సంగతి మొదటిరోజే మాట్లాడు.

అరుపుల గురించి మాత్రం కాస్త గట్టిగానే చెబుతాను. కేకలన్నీ ఆ రోజు పనిలో చివరికి పెట్టమని సౌండ్ ఇంజనీర్‌ని అడుగు. "ఇంకొక్కటి మేడమ్" అంటూనే ఉంటారు. మూడు నాలుగు టేకులయ్యాక నీళ్ళ వంకన బయటికి వచ్చెయ్. నేను ఒకసారి పొద్దున పదింటికే కేకలతో మొదలుపెట్టాను. సాయంత్రానికి నోట్లోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. స్వరతంతుల మీద చిన్న గడ్డలన్నారు. నెలరోజులు కాగితం మీద రాసి మాట్లాడాను. పైస్థాయి ఇప్పటికీ తిరిగి రాలేదు. మంగళహారతి పాడమంటే నేను వంటింట్లోకి ఎందుకు తప్పుకుంటానో ఇప్పుడు తెలిసిందా?

1973లో వచ్చిన 'ది ఎక్సార్సిస్ట్'లో ఆ చిన్నపిల్ల నోట్లోంచి వచ్చే పిశాచి గొంతు మెర్సిడెస్ మెకేంబ్రిడ్జ్‌ది. అప్పటికే ఆస్కార్ అందుకున్న నటి. గొంతు బొంగురుపోవాలని పచ్చిగుడ్లు మింగి, సిగరెట్లు కాల్చి, కుర్చీకి కట్టించుకుని మరీ చెప్పింది. తీరా సినిమా విడుదలైతే తెర మీద ఆవిడ పేరే లేదు, పోట్లాడి వేయించుకుంది. గుడ్లూ సిగరెట్లూ మర్చిపో, పోట్లాట గుర్తుపెట్టుకో. 1993లో వచ్చిన మలయాళ సినిమా 'మణిచిత్రతాళు'కి శోభనకి జాతీయ అవార్డు వచ్చింది కదా. అందులో ఆవిడ వేసిన గంగకి భాగ్యలక్ష్మి, గంగలో మేలుకునే నర్తకి నాగవల్లికి దుర్గ గొంతిచ్చారు. దుర్గ పేరు జనానికి తెలియడానికి ఇరవై ఏళ్ళు దాటింది. నీ పేరు వేస్తారో లేదో ముందే అడుగు.

ఆ కథే 2005లో 'చంద్రముఖి'గా వచ్చినప్పుడు, తమిళంలో కూడా ఆ నర్తకి తెలుగే మాట్లాడింది. ఇక్కడి థియేటర్‌లో నా చుట్టూ అంతా తమిళులే. మాట అర్థంకాని వాళ్ళు కూడా ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. ప్రియుడి తల నరికి, తనని నిలువునా కాల్చేసిన రాజు మీద కోపం అది, భాష తెలియకపోతేనేం. నాకు మాత్రం భయంతో పాటు కొంచెం సిగ్గేసింది. ఎందుకో చెబుతాను. ఇది మీ నాన్నకి కూడా తెలియదు.

1996. ఒక చిన్న తమిళ దెయ్యం సినిమాకి తెలుగు చెప్పాను. బాలింతగా చనిపోయిన కోడలి కథ. సినిమా అంతా నవ్వులూ కేకలే, నాకు మంచి హుషారుగా ఉంది. బొంగురు గొంతు పెట్టి గర్జిస్తుంటే అద్దం అవతల అందరూ చప్పట్లు కొడుతున్నారు. ఇంటర్వెల్ తర్వాత ఒకచోట ఆ అమ్మాయి మూసిన తలుపు బయట నిలబడి "పిల్లాడికి పాలు పట్టారా?" అని అడుగుతుంది. అంతే, ఒక్క ముక్క. తెర మీద ఆ అమ్మాయి పెదవి వణుకుతోంది, నాకు కనబడుతూనే ఉంది. ఇంజనీర్ కుర్రాడు "అక్కా, ఇది మామూలుగా చెబుదామా?" అన్నాడు. "దెయ్యం మామూలుగా మాట్లాడుతుందా నాయనా?" అని వాడి నోరు మూయించి, అదే బొంగురు గొంతుతో ఒక్క టేకులో చెప్పేశాను.

నెల్లూరులో సెకండ్ షోకి మీ నానమ్మని తీసుకెళ్ళాను, కూతురి ప్రతాపం చూపిద్దామని. ఆ మాట రాగానే హాలంతా గొల్లుమని నవ్వింది. ఆ తర్వాత ఒక్కళ్ళు భయపడితే ఒట్టు. మీ నానమ్మ నవ్వలేదు. మర్నాడు పొద్దున కాఫీ గ్లాసు నా ముందు పెట్టి, "ఆ పిల్ల బిడ్డ గురించి అడుగుతుంటే నువ్వెందుకే అలా గర్జించావు?" అంది.

మీ నాన్న తర్వాత ఇంకో తమ్ముడు పుట్టాడు మాకు. తొమ్మిదో రోజున పోయాడు. మీ నాన్నకి అప్పుడు మూడేళ్ళు, గుర్తుండదు. నాకు ఏడు. అమ్మకి ఒళ్ళు తెలియని జ్వరం, రెండు రోజులు చెప్పలేదు. మెలకువ వచ్చినప్పుడల్లా "పిల్లాడికి పాలు పట్టారా?" అని అడిగేది. మెల్లగా, పక్కింటి పిల్లాడి గురించి అడిగినట్టు. మంచం పక్కన ఉండేది నేనే. "పట్టారమ్మా" అనేదాన్ని.

ఆ మాట నా చెవులతో విన్నదాన్ని బుజ్జీ. మైక్ ముందు గుర్తుపట్టలేకపోయాను. ఆ నటికి అదే మొదటి సినిమా అట, తర్వాత ఎక్కడా కనబడలేదు. ఆ అమ్మాయి ఏడుపు నేను తినేశాను.

అందుకని, నీ సీన్ల ముక్కలు చూపిస్తే ఊరుకోకు. మొత్తం ఎపిసోడ్లు చూపించమను. ఎవరామె, ఎలా పోయింది, ఎవరి కోసం తిరిగొచ్చింది, అడుగు. విసుక్కుంటారు, విసుక్కోనీ. తమిళంలో ఆ అమ్మాయి ఎక్కడ ఊపిరి తీసుకుందో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విను. కళ్ళలో నీళ్ళుంటే బొంగురు గొంతు తీసి పక్కన పెట్టెయ్. డైరెక్టర్ కాదంటే రెండు రకాలుగా చెప్పి ఇవ్వు.

స్టూడియో అరుణాచలం రోడ్డులోనే అన్నాడు మీ నాన్న. తొమ్మిది దాటితే ఆ చీకట్లో వేళచ్చేరి దాకా ఒక్కదానివీ వెళ్ళకు. నవ్వకు, నా భయం నాది. మా ఇంటికి వచ్చెయ్, మిరియాల చారు కాచి ఉంచుతాను. వచ్చాక ఒక్క ముక్క మాట్లాడనివ్వను, గొంతుకి రెస్ట్ ఇవ్వాలి. పిలవక్కర్లేదు, బెల్ కొట్టు. తలుపు తీస్తాను.

మీ అత్త