అల్లుడూ, ముందు గోడలోని సాకెట్టు చూసుకో

నరసన్నపేట

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

ప్లగ్గు పెట్టి ఛార్జి చేసే హైబ్రిడ్ కారు ఇంటికొచ్చిందని మీ అమ్మ ఫోనులో చెప్పింది. వచ్చినవాళ్ళంతా ఇది కరెంటు బండా, పెట్రోలు బండా అని అడుగుతుంటే ఏటి చెప్పాలో తెలీడం లేదన్నావట. రెండూనని చెప్పు. అయితే ప్లగ్గు పెట్టే అలవాటు లేకపోతే అది వట్టి పెట్రోలు బండే. పైగా ఖాళీ బ్యాటరీ బరువు కూడా మోసుకు తిరుగుతుంది. ముప్పై ఏళ్ళు కరెంటు లైన్ల మీద పనిచేశాను, మూడేళ్ళుగా ఇలాంటి బండే నడుపుతున్నాను. నాకు తెలిసింది నీకు చెప్పాలనే ఈ ఉత్తరం.

మొదటి వారంలోనే నేనో తప్పు చేశాను. వరండాలో నీళ్ళ మోటారుకి పెట్టిన పాత సాకెట్టుకే ఛార్జరు తగిలించాను. మోటారైతే అరగంట తిరిగి ఆగిపోతుంది. బండి అలా కాదు, ఐదారు గంటలు ఏకధాటిగా పది ఆంపియర్లు లాగుతూనే ఉంటుంది. మూడో రాత్రి ఒంటిగంటకి మీ అత్త లేపి, ఏదో కాలిన వాసనొస్తోందంది. వెళ్ళి చూస్తే సాకెట్టు కన్నం చుట్టూ గోధుమరంగు మచ్చ. వేలు ఆనిస్తే చురుక్కుమంది. మెయిన్ ఆపి ప్లగ్గు లాగాను. ఒక పిన్ను నల్లగా మాడిపోయింది, లోపలి ప్లాస్టిక్ కరిగి దానికి అంటుకుని సాగింది. సాకెట్టు లోపలి పట్టు వదులైపోయి, పిన్నుకి సరిగ్గా ఆనక అక్కడే వేడి పుట్టింది. పైన వరండా కప్పు తాటాకు. ఇంకో గంట ఎవరూ చూడకపోతే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది.

అందుకని నీ ఇంట్లో మీటరు బోర్డు నుంచి బండికంటూ విడిగా లైను లాగించు. 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 16 ఆంపియర్ల కొత్త సాకెట్టు, దానికి సరిపడా ఎంసీబీ (లోడు మీరితే తానే ఆగిపోయే స్విచ్చి), దాంతోపాటు కరెంటు లీకైతే లైను కట్ చేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించు. ఎక్స్‌టెన్షన్ బాక్సు జోలికి మాత్రం చచ్చినా పోకు. ఛార్జరు పెట్టె బరువంతా ప్లగ్గు మీద వేలాడనీయకు, గోడకి కొక్కెం కొట్టించి దానికి తగిలించు. మొదటి పది రోజులు ఛార్జింగు మొదలైన గంటకి ఓసారి ప్లగ్గు మీద చెయ్యి వేసి చూడు. గోరువెచ్చగా ఉంటే పరవాలేదు. చెయ్యి ఆనించలేనంత వేడిగా ఉంటే వెంటనే ఆపేయ్.

ఎర్తు సంగతి కూడా చెప్పాలి. ఛార్జరు మీద ఎర్రలైటు వెలిగి బండి కరెంటు తీసుకోలేదంటే ఛార్జరు పాడయిందనుకుని కంగారుపడకు. చాలాసార్లు ఎర్తు లేకపోవడమే కారణం. మన ఇసక నేలలు వేసవిలో ఎండిపోతే బొగ్గు, ఉప్పు వేసి కట్టిన ఎర్తు గొయ్యి కూడా పనిచెయ్యదు. మాఘమాసం దాటాక వారానికో బకెట్టు నీళ్ళు పొయ్యి. ఎర్తు పిన్ను పీకేసి రెండు పిన్నులతో నడిపించొచ్చని ఎవరైనా చెబితే వాళ్ళని ఆ సాకెట్టు దగ్గరికి రానీయకు.

నీ లెక్క వేసి చూశాను. ఆమదాలవలస ఆఫీసుకి రానుపోను 26 కిలోమీటర్లు. యూనిట్‌కి ఐదు కిలోమీటర్లే వస్తుందనుకున్నా రోజుకి ఐదారు యూనిట్లు చాలు. అదే పెట్రోలు మీదైతే రెండు లీటర్లు, అంటే రెండొందల రూపాయల పైమాటే. కరెంటు బిల్లు పై శ్లాబులోకి పోయినా అందులో మూడోవంతు కూడా అవదు. 230 వోల్టుల మీద పది ఆంపియర్లంటే గంటకి 2.3 యూనిట్లు. నీ 12 యూనిట్ల బ్యాటరీ పూర్తిగా అయిపోయినా ఆరు గంటల్లో నిండుతుంది. సాయంత్రం ఏసీలూ మోటార్లూ నడిచే వేళ వోల్టేజి పడిపోతుంది కాబట్టి రాత్రి పదింటికి మొదలయ్యేలా టైమరు పెట్టుకో. మే నెల ఎండలో తిరిగొచ్చిన బ్యాటరీ చల్లబడటానికీ ఆ సమయం పనికొస్తుంది. ఊరికి పోయి పది పదిహేను రోజులు రావనుకుంటే నిండా పెట్టి వదలకు, సగం దగ్గర ఉంచు.

విశాఖ వెళ్ళేటప్పుడు చాలామంది చేసే పని, ఇంటి దగ్గరే బ్యాటరీ మీద బయల్దేరి హైవే మీదే ఖాళీ చేసేయడం. తర్వాత మద్దిలపాలెం ట్రాఫిక్‌లో ఇంజనుతో ఆగుతూ సాగుతూ పెట్రోలు తగలేస్తారు. నువ్వు తిరగేసి చెయ్యి. హైవే మీద ఛార్జి దాచే మోడ్‌లో పెట్టి ఇంజను మీద పో, నగరంలోకి దిగాక కరెంటుకి మార్చు. హైవే ఎక్కడానికి ఒకటి రెండు కిలోమీటర్ల ముందే ఇంజను ఆన్ చేసుకో. చల్లగా ఉన్న ఇంజనుని ఒక్కసారిగా లారీని దాటడానికి తొక్కితే, ఆయిలు అన్ని చోట్లకీ అందకుండానే దాని మీద భారమంతా పడుతుంది. నడుస్తూ నడుస్తూ ఇంజనుతోనే బ్యాటరీ నింపే మోడ్ కూడా ఉంటుంది. గత్యంతరం లేకపోతే తప్ప వాడకు, అది పెట్రోలు పోసి కరెంటు కొనుక్కోవడం.

రోజూ కరెంటు మీదే తిరిగితే ఇంజను నెలల తరబడి పడుకుంటుంది. నెలకి రెండుసార్లు అరగంట చొప్పున దాన్ని రోడ్డు మీద బాగా వేడెక్కేదాకా నడుపు, అప్పుడే ఆయిల్లో చేరిన చెమ్మ పోతుంది. ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ ఉంటుంది, అది తేమని పీల్చుకుంటుంది. కాబట్టి ట్యాంకు నిండా పోసి మరిచిపోకు, సగం ఉంచి తిప్పుతూ ఉండు. బ్రేకులూ అంతే. కాలు తీయగానే మోటారే బండిని నిదానిస్తుంది కాబట్టి డిస్కులు సరిగ్గా అరగవు, మన సముద్రపు గాలికి తుప్పు పడతాయి. వారానికోసారి ఖాళీ రోడ్డు మీద, వెనక ఎవరూ లేనప్పుడు కాస్త గట్టిగా బ్రేకు తొక్కు. బానెట్ కింద నారింజరంగు తొడుగున్న హై వోల్టేజి వైర్లని మన వీధి మెకానిక్ చేత ముట్టించకు.

అక్టోబరు వస్తే మాత్రం నేను చెప్పిన సగం ట్యాంకు లెక్క వదిలెయ్. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు నేను లైన్ల పనిలోనే ఉన్నాను. ఉద్దానంలో కొబ్బరిచెట్లతో పాటు స్తంభాలూ వరసగా పడిపోయాయి. చాలా ఊళ్ళకి రోజుల తరబడి కరెంటు ఇవ్వలేకపోయాం. వాయుగుండం మాట వినగానే ట్యాంకు నింపెయ్, బ్యాటరీ నింపెయ్, గాలి మొదలయ్యే ముందే ప్లగ్గు తీసేసి ఛార్జరు ఇంట్లో పెట్టెయ్. కరెంటు లేని ఆ రోజుల్లో మీ నాన్నని ఆసుపత్రికి తీసుకుపోవాల్సి వస్తే, నీకు అక్కరకొచ్చేది ఆ పెట్రోలే.

ఆదివారం అరసవల్లి దర్శనం చేసుకుని నేరుగా మీ ఇంటికే వస్తాను. టెస్టరూ మీటరూ తెస్తాను, ఎర్తు నేనే చూస్తాను. బోర్డు తలుపు తాళం వెతికి ఉంచు. అప్పటిదాకా మీ ఇంట్లో ఉన్న పాత సాకెట్టుకి బండి పెట్టకు, పెట్రోలు మీదే తిరుగు.

మీ మావయ్య