ఎటూ తేల్చుకోని ఓటరుకు ఇద్దరు అధ్యక్ష అభ్యర్థుల విధానాలు పోల్చి చూపించడం ఎలా?

మీ ప్రశ్న ఇది: 2028 నవంబర్ 7న అమెరికా అధ్యక్ష ఎన్నిక. ఎవరికి వెయ్యాలో తేల్చుకోని ఇరుగుపొరుగువాళ్లను మీకు నచ్చిన అభ్యర్థి వైపు తిప్పాలనుకుంటున్నారు. 2024 నాటి అభ్యర్థులు ట్రంప్ (రిపబ్లికన్), హారిస్ (డెమోక్రాట్)లను తీసుకొని ఇరవై అంశాల పట్టిక ఒకటి నమూనాగా తయారుచేసి నలుగురికి చూపించారు. అందరూ ‘చూస్తాంలెండి’ అని మడిచి పక్కన పెట్టేశారు. లోపం ఎక్కడుందని అడుగుతున్నారు.

లోపం ఇరవైలోనే మొదలైంది. ఒక మనిషి ఓటును కదిలించే విషయాలు రెండో మూడో ఉంటాయి, అవి ఇంటికో రకం. ఒకరికి ఇంటద్దె, ఒకరికి గ్రీన్ కార్డు వరస, ఇంకొకరికి గర్భస్రావ హక్కు. మిగతా పదిహేడూ వాళ్లకు అడ్డమే. అందుకని పట్టిక మానేసి అంశానికో చీటీ చెయ్యండి. లెటర్ సైజు కాగితంలో సగం చాలు. అక్షరం 12 పాయింట్లకు తగ్గకూడదు, పెద్దవాళ్లకైతే 14. ఒక్కో గడిలో పాతిక మాటలు దాటితే కళ్లు జారిపోతాయి. ఎనిమిదో పదో చీటీలు దగ్గరుంచుకొని, ముందు ఎదుటివాళ్లను అడగండి, వాళ్లు చెప్పిన రెండింటినే బయటికి తియ్యండి.

ఏమని అడగాలి? ‘ఎవరికి వేస్తారు’ అని మాత్రం కాదు. ఆ మాటతో మనిషి బిగుసుకుపోతాడు. ‘ఈ నాలుగేళ్లలో మీ ఇంటికి బాగా బరువైంది ఏమిటి’ అంటే నోరు తెరుస్తారు. ఇంకోటి కూడా కనిపెట్టాలి: ఇద్దరిలో ఎవరన్నది తేలలేదా, అసలు ఓటుకు వెళ్లాలా వద్దా అన్నదే తేలలేదా? రెండో రకం మనిషికి విధానాల పోలిక పెద్దగా పనిచెయ్యదు. ఓటు ఎక్కడ, ఏ తేదీల్లో, ఏ గుర్తింపు కార్డుతో అన్నది చెప్పడమే ఎక్కువ మేలు చేస్తుంది.

ఇక చీటీలో ఏముండాలి. ‘ఈయన ఇలా అన్నారు, ఆమె అలా అన్నారు’ అనే రెండు గడులు అందరూ పెడతారు. అసలు పని చేసేది మూడో గడి: ఆ పని అధ్యక్షుడి చేతిలో ఉందా? అది లేని పోలిక ఒక కోరికల జాబితాను ఇంకో కోరికల జాబితా పక్కన పెట్టినట్టే. ఈ గడిలో రాయడానికి అయిదు గుర్తులు సరిపోతాయి: సంతకం, 51, 60, 67, కోర్టు.

‘సంతకం’ అంటే ఎగ్జిక్యూటివ్ ఆర్డరుతో, అంటే అధ్యక్షుడి సొంత ఉత్తర్వుతో, మొదటిరోజే అయ్యేది. అలా వచ్చినది అలాగే పోతుంది కూడా. పారిస్ వాతావరణ ఒప్పందం నుంచి బయటికొస్తామని 2017లో ట్రంప్ ప్రకటించారు, 2021లో బైడెన్ పదవిలోకి వచ్చిన రోజే తిరిగి చేరడానికి సంతకం పెట్టారు, 2025లో ట్రంప్ మళ్లీ మొదటిరోజే బయటికి రావడానికి సంతకం పెట్టారు. ‘51’ అంటే సెనేట్‌లో మామూలు మెజారిటీ. జడ్జీల నియామకాలు, బడ్జెట్ రీకన్సిలియేషన్ బిల్లులు (పన్నులు, ఖర్చుల మీద ప్రత్యేక పద్ధతిలో వచ్చేవి) ఈ దారిన వెళ్తాయి. 2017 పన్నుల చట్టం 51–48తో నెగ్గింది. 2022లో ద్రవ్యోల్బణ తగ్గింపు చట్టానికి 50–50 అయితే ఉపాధ్యక్షురాలిగా హారిస్ ఓటుతో తేలింది. అదే దారిలో 2017 జులైలో ఒబామాకేర్ (ఒబామా కాలపు ఆరోగ్య బీమా చట్టం) రద్దు 49–51తో పడిపోయింది. పార్టీకి మెజారిటీ ఉన్నా హామీ నెరవేరకపోవచ్చని చూపడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. ‘60’ అంటే ఫిలిబస్టర్‌ను, అంటే చర్చ సాగదీసి బిల్లును ఆపే సెనేట్ పద్ధతిని, 60 ఓట్లతో దాటాల్సిన మామూలు చట్టాలు: వలస చట్టం, కనీస వేతనం, దేశమంతటికీ వర్తించే గర్భస్రావ చట్టం. ‘67’ అంటే ఒప్పందాలకు సెనేట్ మూడింట రెండొంతుల ఆమోదం, సభ్యులందరూ హాజరైతే అంతమంది. 51, 60 గుర్తులున్నవాటికి ప్రతినిధుల సభ ఆమోదం కూడా కావాలి, ఒక్క నియామకాలకు తప్ప. ‘కోర్టు’ అని రాసేది సంతకం పెట్టినా నిలుస్తుందో లేదో తెలియనివాటికి. విద్యార్థుల అప్పు మాఫీకి బైడెన్ 2022 ఆగస్టులో పథకం ప్రకటించారు, 2023 జూన్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. జన్మతః పౌరసత్వాన్ని పరిమితం చేస్తానన్న ట్రంప్ 2025 జనవరి 20న ఉత్తర్వు ఇచ్చారు, కింది కోర్టులు దాని అమలును ఆపేశాయి.

ఈ గడి వల్ల మాట ఎలా మారుతుందో చూడండి. గ్రీన్ కార్డు కోసం ఎదురుచూస్తున్న కొడుకో కూతురో ఉన్న ఓటరు అడుగుతారు, ‘ఎవరొస్తే మా వరస కదులుతుంది?’ 2024లో ఇద్దరి దగ్గరా వినడానికి బాగున్న మాటలే ఉన్నాయి. హారిస్ సెనేటర్‌గా ఉండగా 2019లో రిపబ్లికన్ మైక్ లీతో కలిసి ఉద్యోగ గ్రీన్ కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతమే అన్న పరిమితి ఎత్తేసే బిల్లు పెట్టారు. ట్రంప్ 2024 జూన్‌లో ఒక పాడ్‌కాస్ట్‌లో, అమెరికా కాలేజీల్లో చదివి పట్టా పొందినవాళ్లకు గ్రీన్ కార్డు ఇవ్వాలన్నారు. మూడో గడిలో మాత్రం రెండింటికీ ‘60’. ఆ 7 శాతం చట్టంలో ఉంది, ఎవరి సంతకంతోనూ మారదు. వీసాల్లో అయితే సంతకంతో మారేవి ఉన్నాయి: కొత్త హెచ్‌1బీ (ఉద్యోగ వీసా) దరఖాస్తుల మీద 1,00,000 డాలర్ల రుసుము 2025 సెప్టెంబర్‌లో ఒక అధ్యక్ష ప్రకటనతో వచ్చింది, దాన్నీ కోర్టుల్లో సవాలు చేశారు. కాబట్టి ఆ ఓటరుకు చెప్పాల్సింది ‘మావాళ్లు వరస కదిలిస్తారు’ అని కాదు. వరస కాంగ్రెస్ చేతిలో ఉంది, రుసుములూ నిబంధనలూ అధ్యక్షుడి చేతిలో ఉన్నాయి, రెండోదాంట్లో మీ అభ్యర్థి ఏమన్నారో ఇదిగో అని. ఆ మాట విన్నాక చాలామంది సెనేట్ అభ్యర్థి గురించి కూడా అడుగుతారు. అడిగితే మీ పని సగం అయినట్టే.

మొదటి రెండు గడులు నింపేటప్పుడు నాలుగు ప్రశ్నలు వేసుకోండి: ఎవరికి, ఎంత, ఎప్పటినుంచి ఎప్పటిదాకా, డబ్బు ఎక్కడినుంచి. నినాదానికీ చట్టానికీ మధ్య దూరం ఈ నాలుగింట్లోనే ఉంటుంది. టిప్పుల మీద పన్ను సంగతే తీసుకోండి. 2024 జూన్‌లో ట్రంప్ లాస్ వేగాస్‌లో టిప్పుల మీద పన్ను ఉండదన్నారు. ఆగస్టులో హారిస్ అదే ఊళ్లో అదే మాట అని, కనీస వేతనం పెంపు కూడా కలిపారు. విడిగా చూస్తే ఇద్దరిదీ ఒకటే హామీ. 2025 జులై 4న సంతకమైన చట్టంలో అది ఇలా తేలింది: ఏడాదికి 25,000 డాలర్ల టిప్పుల వరకు ఆదాయపు పన్ను లెక్కలోంచి తగ్గింపు, 2025 నుంచి 2028 వరకే, ఒంటరిగా ఫైల్ చేసేవాళ్ల ఆదాయం 1,50,000 దాటితే తగ్గుతూ పోతుంది. టిప్పుల మీద సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నులు మామూలుగానే కోస్తారు. స్టాండర్డ్ డిడక్షన్ (అందరికీ ఉండే పన్ను మినహాయింపు) కిందికే వచ్చే చిన్న ఆదాయం ఉన్నవాళ్లకు ముందే ఆదాయపు పన్ను లేదు కాబట్టి కొత్తగా కలిసొచ్చేదీ లేదు. హోటల్లో వడ్డించే మనిషి ఎదురుగా కూర్చుని ఉంటే చెప్పాల్సిన వివరం ఇది. సోషల్ సెక్యూరిటీ పింఛను మీద పన్ను ఎత్తేస్తానన్న ట్రంప్ హామీ కూడా అంతే. ఆ పథకాన్ని ముట్టుకునే మార్పులు రీకన్సిలియేషన్ బిల్లులో పెట్టకూడదు, అందుకే 65 నిండినవాళ్లకు 6,000 డాలర్ల అదనపు డిడక్షన్‌గా మారి వచ్చింది.

ఇంటి విషయంలో హారిస్ హామీ: మొదటిసారి కొనేవాళ్లకు, రెండేళ్లు అద్దె సమయానికి కట్టి ఉంటే, డౌన్ పేమెంట్‌కు 25,000 డాలర్ల దాకా సాయం. దీనికి చట్టం కావాలి. దానిమీద వచ్చే మొదటి అభ్యంతరం, ఇళ్లు పెరగకుండా కొనేవాళ్ల చేతికి డబ్బిస్తే అమ్మేవాళ్లు ధర పెంచుతారని. 30 లక్షల కొత్త ఇళ్ల లక్ష్యం కూడా ఆమె ప్రణాళికలోనే ఉందన్నది దానికి జవాబు. సుంకాల్లో ట్రంప్ హామీ: అన్ని దిగుమతుల మీద 10 నుంచి 20 శాతం, చైనా సరుకు మీద 60. సుంకం కట్టేది సరుకు తెప్పించుకునే అమెరికా కంపెనీ. అందులో ఎంత భాగం ధరలోకి ఎక్కుతుందన్నదే అసలు చర్చ. ఇక్కడ ఇంకో నిజం కూడా రాయాలి: ట్రంప్ మొదటి విడతలో చైనా మీద వేసిన సుంకాలను బైడెన్ ప్రభుత్వం ఎత్తెయ్యలేదు, 2024 మేలో చైనా ఎలక్ట్రిక్ కార్ల మీద 100 శాతానికి పెంచుతున్నట్టు ప్రకటించింది. ఒక పక్షం సుంకాలకు పూర్తిగా వ్యతిరేకమన్నట్టు రాస్తే, విషయం తెలిసిన ఓటరు అక్కడే కాగితం తిరిగిచ్చేస్తాడు.

దీని వెనకే వచ్చే మాట ఒకటి, చాలామంది మింగలేనిది. మీ చీటీల్లో కనీసం ఒకదాంట్లో ఎదుటి అభ్యర్థిదే మెరుగ్గా కనిపించాలి, కనిపిస్తే దాన్ని దాచకూడదు. తేల్చుకోని ఓటరు చాలాసార్లు అమాయకుడు కాదు. రెండు వైపుల అతిశయోక్తులూ విని విసిగినవాడు. అన్ని వరసల్లోనూ మీ అభ్యర్థే గెలిస్తే అది ప్రచార కాగితమని అయిదు సెకన్లలో కనిపెడతాడు. ‘ఈ ఒక్క విషయంలో మీకు అటువైపే లాభం, నేను కాదనను’ అని మీరే అంటే, మిగతా రెండు చీటీలు శ్రద్ధగా చదువుతాడు. ఇది ఎత్తుగడగా చెయ్యకండి. నిజంగా ఒప్పుకోగలిగిన అంశాన్నే ఎంచుకోండి, ఊరికే అన్నది ముఖంలో తెలిసిపోతుంది.

మాట మార్చిన సందర్భాల్లో రెండు తేదీలూ రాయండి. ఫ్రాకింగ్ (రాతిపొరలు పగలగొట్టి చమురు, గ్యాస్ తీయడం) నిషేధించాలని 2019లో అన్న హారిస్ 2024లో నిషేధించనన్నారు. టిక్‌టాక్‌ను 2020లో నిషేధించబోయిన ట్రంప్ 2024లో నిషేధం వద్దన్నారు. పాత మాట ఒక్కటే రాస్తే అవతలివాళ్లు కొత్తది ఫోన్లో తీసి చూపిస్తారు, మీ చేతిలో మిగతావి కూడా అబద్ధాలుగా కనిపిస్తాయి. ఖాళీ ఉంటే ఖాళీ అనే రాయాలి. 2024 సెప్టెంబర్ 10 ఫిలడెల్ఫియా చర్చలో ఒబామాకేర్ స్థానంలో ఏం తెస్తారని అడిగితే తన దగ్గర పూర్తి ప్రణాళిక లేదు, కొన్ని ఆలోచనలున్నాయని ట్రంప్ అన్నారు. నాలుగేళ్ల కిందటికంటే జనం మెరుగ్గా ఉన్నారా అన్న ప్రశ్నకు హారిస్ అవుననీ కాదనీ చెప్పలేదు. రెండు చోట్లా ‘సమాధానం లేదు’ అన్నదే సరైన ఎంట్రీ. మీరు ఊహించి నింపకండి.

సమాచారం పార్టీ ప్లాట్‌ఫామ్ (విధానపత్రం) ఒక్కదాంట్లోంచే తీస్తే దెబ్బతింటారు. 2020లో రిపబ్లికన్లు కొత్త ప్లాట్‌ఫామే రాయలేదు. 2024లో వాళ్లది 16 పేజీలు. అదే ఏడు డెమోక్రాట్లది బైడెన్ పోటీనుంచి తప్పుకోకముందు రాసినది కావడంతో, హారిస్ అభ్యర్థి అయ్యాక కూడా అందులో బైడెన్ రెండో విడత గురించే ఉంది. అభ్యర్థి సొంత సైట్, చర్చల పూర్తి పాఠం, పదవిలో ఉన్నప్పటి ఓట్లూ సంతకాలూ చూడండి. ఈ మూడింట్లో పొంతన కుదరకపోతే చేసినదానికే ఎక్కువ విలువ ఇవ్వండి. క్రియాపదం కూడా గమనించండి: ‘సంతకం పెడతాను’ వేరు, ‘కాంగ్రెస్‌ను కోరతాను’ వేరు, ‘పరిశీలిస్తాను’ మరీ వేరు. తెలుగులో రాసేటప్పుడు మూడూ ‘చేస్తారు’ అయిపోతుంటాయి. మన భాషలో తయారయ్యే చీటీల్లో ఎక్కువగా జరిగే తప్పు ఇదే.

నిబంధనల మాట కొంచెం. పన్ను మినహాయింపు ఉన్న గుళ్లూ, 501(సి)(3) అనే పన్ను నిబంధన కింద నమోదైన సేవా సంఘాలూ ఒక అభ్యర్థి వైపు ప్రచారం చెయ్యకూడదు. అందుకని వాళ్ల కార్యక్రమంలో, వాళ్ల ఈమెయిల్ జాబితాతో ఈ చీటీలు పంచకండి. హెచ్‌1బీ, ఎఫ్‌1 (విద్యార్థి) వీసాల మీద ఉన్నవాళ్లు జీతం లేకుండా సాయం చెయ్యొచ్చు కానీ డబ్బు పెట్టకూడదు, ప్రింటింగ్ ఖర్చు కూడా. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు పెట్టొచ్చు, ఓటు మాత్రం వెయ్యలేరు. పోలింగ్ కేంద్రం దగ్గర ఎంత దూరంలోపు ప్రచారం కుదరదన్నది రాష్ట్రాన్నిబట్టి మారుతుంది, కౌంటీ ఎన్నికల ఆఫీసులో కనుక్కోండి.

ముందస్తు ఓటింగ్, పోస్టల్ ఓటు ఉన్న రాష్ట్రాల్లో చాలామంది అక్టోబర్‌లోనే వేసేస్తారు, కాబట్టి చీటీలు సెప్టెంబర్ ఆఖరికల్లా సిద్ధంగా ఉండాలి. ప్రతి చీటీ కింద ‘ఈ తేదీ నాటికి’ అని వెయ్యండి. చర్చ జరిగిన మర్నాడు మొత్తం ఒకసారి సరిచూసి, మారినదాన్ని మళ్లీ ప్రింట్ తీసి, పాతవి చించెయ్యండి. ఒకేసారి రెండొందలు తియ్యకుండా ముప్పై నలభై చొప్పున తీస్తే ఆ చించడానికి చెయ్యి ఆగదు.