పాఠకుల ప్రశ్నలు – జవాబులు: క్యాసెట్ పెట్టి ఆడిన ఆటలు

ప్రశ్న: తొంభైల్లో మా ఇంట్లో టీవీకి తగిలించి, క్యాసెట్ పెట్టి ఆడే వీడియో గేమ్ ఉండేది. మారియో, కాంట్రా ఆడకుండా ఏ వేసవి సెలవులూ గడవలేదు. ఇప్పుడు సెల్‌ఫోన్‌లో ఆడే మా అబ్బాయి ఆటల పరిశ్రమంతా అమెరికా, చైనాలదేనంటున్నాడు. ఇందులో జపాన్ పాత్ర ఎంత?
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ఈ పరిశ్రమకు పునాది అమెరికాలో పడిన మాట నిజమే. అటారీ సంస్థ 1972లోనే పాంగ్ ఆటను తెచ్చింది. అయితే నాసిరకం ఆటలు దుకాణాల్లో గుట్టలు పడి 1983లో అక్కడి మార్కెట్ కుప్పకూలినప్పుడు, దానిని తిరిగి నిలబెట్టింది క్యోటో నగరంలో 1889లో పేకముక్కల తయారీతో మొదలైన నింటెండో. జపాన్‌లో 1983లో విడుదల చేసిన ఫామికామ్ అనే వీడియో గేమ్ యంత్రాన్ని ఆ సంస్థ రూపం మార్చి 1985లో అమెరికాకు పంపింది. తన అనుమతి లేని క్యాసెట్ అందులో పనిచేయకుండా తాళంలాంటి ఒక చిప్‌ను కూడా అమర్చింది.

వ్యాపారాన్ని మించిన ప్రభావం ఆటను మలిచే తీరు మీద ఉంది. మీకు మారియో ఆడటం ఎవరు నేర్పారో ఒక్కసారి గుర్తుచేసుకోండి. మనలో ఎవరమూ సూచనల పుస్తకం చదవలేదు, చాలామందికి తెర మీది ఇంగ్లీషు కూడా అర్థమయ్యేది కాదు. 1985లో వచ్చిన ఆ ఆట మొదటి అంచెలో మారియో ఎడమ అంచున నిలబడి ఉంటాడు, కుడివైపంతా ఖాళీగా ఉంటుంది, కాబట్టి చెయ్యి దానంతటదే అటు నడిపిస్తుంది. ఎదురుగా ఒక చిన్న శత్రువు వస్తాడు. ఎగరకపోతే చస్తాము, కానీ ఆట అప్పుడే మొదలైంది కాబట్టి పోయేదేమీ ఉండదు. ప్రశ్నార్థకం ఉన్న పెట్టెను తలతో కొడితే బయటికొచ్చే పుట్టగొడుగు ముందుకు పోయి, గొట్టానికి తగిలి మన వైపే తిరిగి వస్తుంది. దాన్ని తప్పించుకోవడం కష్టం, తగిలితే పెద్దవాళ్లమవుతాము. ఆ ఆటను రూపొందించిన షిగేరు మియామోతో, ఆయన సహచరులు ఒక్క మాట కూడా వాడకుండా ఇలా పాఠం చెప్పారు. బ్రాడీపేట పిల్లవాడికీ క్యోటో పిల్లవాడికీ ఆ పాఠం ఒకేలా అర్థమైంది. నా దృష్టిలో జపాన్ ఈ పరిశ్రమకు ఇచ్చినవాటిలో ఇదే అన్నిటికంటే గొప్పది.

పరిమితులను పనికొచ్చేలా మలచుకోవడం వారి మరో బలం. ఆ మారియో ఆట మొత్తం 40 కిలోబైట్లే, అంటే నేటి సెల్‌ఫోన్ ఫొటో ఒక్కటి దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. చోటు ఆదా చేయడానికి మబ్బుల బొమ్మకే ఆకుపచ్చ రంగు వేసి పొదలుగా వాడారు. 1978లో టైటో సంస్థకు స్పేస్ ఇన్వేడర్స్ తయారుచేసిన తొమోహిరో నిషికాదో యంత్రం బలహీనమైనది కావడంతో, శత్రువులు చచ్చేకొద్దీ గీయవలసిన బొమ్మలు తగ్గి, మిగిలినవి వేగం పుంజుకునేవి. ఆయన దానిని సరిదిద్దకుండా అలాగే ఉంచారు. ఆడేకొద్దీ ఆట కష్టమవ్వాలన్న సూత్రం దానితో బాగా స్థిరపడింది.

ఇక మీ అబ్బాయి విషయం. ఎడమ బొటనవేలితో నడపడం, కుడి బొటనవేలితో ఎగరడం, కొట్టడం అతనికి పుట్టుకతో వచ్చిన అలవాటులా అనిపించవచ్చు. నింటెండోలో పనిచేసిన గున్‌పే యోకోయి 1982లో చేతిలో ఇమిడే ఒక ఆటకు ఎడమవైపు కూడిక గుర్తు ఆకారపు బటన్ అమర్చారు. ఆ అమరికే ఫామికామ్ మీదుగా ప్రపంచమంతా పాకింది.

ప్రశ్న: నా చిన్నప్పటి క్యాసెట్ మీద వేలకొద్దీ ఆటలని ముద్రించి ఉండేది. ఆడితే పదో పరకో తేలేవి. కారణమేమిటి?
– ఒక పాఠకురాలు, పటమట, విజయవాడ

జవాబు: అప్పట్లో మన ఊళ్లలో దొరికిన యంత్రాలలో ఎక్కువ భాగం ఫామికామ్‌కు అనుమతి లేని నకళ్లు. జపాన్‌లో అమ్మిన ఫామికామ్‌లో పైన చెప్పిన తాళపు చిప్ లేకపోవడంతో నకలు చేయడం తేలికైంది. క్యాసెట్‌లో ఆటలు కొన్నే ఉండేవి. ఒకే ఆటను వేరే అంచె నుంచో, వేరే పేరుతోనో మళ్లీ మళ్లీ చేర్చి జాబితాను పొడిగించేవారు. బీసెంట్ రోడ్డులో మా నాన్నగారు కొనిపెట్టిందీ అలాంటిదే. ఆ ఆటలు మాకిచ్చిన సంతోషానికి వాటిని తయారుచేసినవారికి ఒక్క రూపాయి కూడా చేరలేదని తెలిసినప్పుడు నాకు నిజంగా బాధ కలిగింది.