ముందు కాలు చాపడం సంగతి చూడు

చెల్లీ,

వచ్చే నెల నుంచి మళ్ళీ పాఠాలు చెప్పడానికి వెళ్తున్నావట. ఆ మాట నీ నోట కాకుండా మరదలి నోట వినాల్సి వచ్చినందుకు కోపం ఒక పక్క. మోకీలు మార్పిడి అయి నాలుగు నెలలే అయినా మళ్ళీ తరగతి గదిలో నిలబడతానంటున్నావని గర్వం ఇంకో పక్క. నా చేత ఈ ఉత్తరం రాయించింది మాత్రం ఆ రెండూ కాదు. “నొప్పి ఉందిలే, మాత్ర వేసుకుని లాగించేస్తాను” అన్నావట చూడు, ఆ మాట.

నాలుగు నెలలైనా నొప్పి పోలేదంటే ఆపరేషన్ చెడిపోయినట్టు కాదు. ఎముకను కోసి, లోహమూ ప్లాస్టిక్కూ అమర్చిన కాలది. మొదటి 3 నెలల్లో చాలావరకు తేలికపడుతుంది, మిగిలింది తగ్గడానికి ఏడాది పట్టవచ్చు. ముట్టుకుంటే వెచ్చగా ఉండటం, సాయంత్రానికి కాస్త వాపు, నడుస్తుంటే లోపల టక్కుమనడం మామూలే. కుట్ల గీతకు బయటి వైపు చర్మం మొద్దుబారిందని బెంగపడుతున్నావట. అక్కడి సన్నని నరం కోతలో తెగుతుంది. మొద్దుబారిన మేర నెమ్మదిగా తగ్గుతుంది, కొందరికి కాస్త మిగిలిపోతుంది. నడకకు దానితో పేచీ లేదు.

ఐసు గుడ్డలో చుట్టి 15, 20 నిమిషాలు పెట్టడం, మెట్లెక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు వేయడం, చేతికర్ర ఎదురు వైపు చేత్తో పట్టుకోవడం నీకు తెలిసినవే. వాటి మీద ఉపన్యాసం అక్కర్లేదు.

నీకు తెలియదని నా అనుమానమల్లా దిండు సంగతి.

మీ బావగారి మోకాలు గుర్తుందా? ఆపరేషన్ చక్కగా జరిగిందన్నారు. ఎక్స్‌రే చూసి డాక్టరు మురిసిపోయారు. ఇంటికి వచ్చాక ఆయన మోకాలి కింద ఒక దిండు పెట్టుకున్నారు. కాలు కాస్త వంగి ఉంటే హాయిగా ఉంటుంది మరి. వాచిన కీలు లోపల ఒత్తిడి తగ్గి నొప్పి సర్దుకుంటుంది, నిద్ర పడుతుంది. పగలు పేపరు చదివినా, రాత్రి పడుకున్నా ఆ దిండు అక్కడే. వంచే వ్యాయామం పట్టుదలగా చేసేవారు. 90 డిగ్రీలు వచ్చింది, 100 దాటింది అని ఇంటికి వచ్చిన ప్రతి మనిషికీ చెప్పుకునేవారు. చాపడం గురించి ఆయన తలచుకోలేదు, ఎవరూ అడగలేదు.

ఆ హాయికి మూల్యం నెలలు గడిచాక తెలిసింది. మోకాలు వెనక కండరాలూ కీలు చుట్టూ పొరా వంగిన చోటే బిగుసుకుపోయాయి. మోకాలు తిన్నగా ఉన్నప్పుడు నిలబడితే తొడ కండరానికి పెద్దగా పని ఉండదు. కొంచెం వంగి ఉంటే మనం నిలబడినంతసేపూ అది బిగబట్టి లాగుతూనే ఉండాలి. అందుకే ఆయనకు కాసేపు నిలబడితే చాలు, చిప్ప ముందు భాగం మండిపోయేది. ఆ కాలు పొట్టిదైనట్టు కుంటేవారు, నడుం పట్టేసేది, రెండో మోకాలు కూడా మూలగడం మొదలుపెట్టింది. ఆయన మాత్రం లోపల పెట్టిన కీలే నాసిరకమని తేల్చేసి, మళ్ళీ ఆపరేషన్ చేయించుకుంటానని కూర్చున్నారు.

చివరికి ఒక ఫిజియోథెరపిస్టు అమ్మాయి ఆయనను మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి, కాలు చాపమని, మోకాలి కిందకు తన చేయి పోనిచ్చింది. మణికట్టు దాకా అడ్డు లేకుండా పోయింది. “సార్, ముందు ఈ సందు మూయాలి” అంది, అంతే. ఆ రోజు నుంచి దిండు మోకాలి కింద నుంచి తీయించి, మడమ కింద చుట్టిన తువ్వాలు పెట్టించింది. మోకాలు గాలిలో ఉండి దాని బరువుకు అదే కిందకు దిగాలి. పది నిమిషాలు. ఆ పది నిమిషాలూ ఆయన తిట్టిన తిట్లు నీకు రాయను. సందు చాలావరకు మూసుకుంది, పూర్తిగా కాదు. చివరిదాకా ఆయన నడకలో ఆ వంపు ఉండిపోయింది. తొలి వారాల్లో తేలిగ్గా వచ్చేది తరవాత బతిమాలినా రాదు. నాలుగు నెలలకు మరీ ఆలస్యం కాలేదు, అందుకే ఇంత తొందరపడుతున్నాను.

ఇక మాత్రలు. బీపీ మందులు వాడే మనిషివి. వాపు తగ్గించే నొప్పి మాత్రలు రోజూ మింగితే కడుపులో పుండ్లు పడవచ్చు, బీపీ పెరగవచ్చు, కొన్ని బీపీ మందులతో కలిస్తే కిడ్నీలకు చేటు. ఏది, ఎన్ని రోజులు అన్నది డాక్టరును అడుగు. వ్యాయామం చేయగలగడానికి ముందుగా మాత్ర వేసుకోవడం తెలివి. తరగతిలో నొప్పి తెలియకుండా నిలబడటానికి వేసుకోవడం మొండితనం. మంటగా, కరెంటు కొట్టినట్టుగా ఉంటే అది నరాల నొప్పి కావచ్చు, దానికి మందులు వేరు. గజ్జలో కూడా నొప్పి ఉంటే తుంటి కీలు చూడమను. తుంటిలో పుట్టిన నొప్పి మోకాలిలో తెలియడం కద్దు.

పిక్క వాచి నొప్పి పెట్టినా, ఆయాసం వచ్చినా తెల్లారేదాకా ఆగకు, ఆస్పత్రికి వెళ్ళు. తగ్గిన నొప్పి మళ్ళీ పెరిగినా, ఎర్రబడినా, కుట్ల దగ్గర తడి కనిపించినా, జ్వరం వచ్చినా ఆపరేషన్ చేసిన డాక్టరుకు ఆ రోజే చూపించు. ఈలోగా ఎవరో చెప్పారని యాంటీబయాటిక్ మింగవద్దు. కీలులోంచి నీరు తీసి పరీక్షించేలోపే మందు పడితే అసలు క్రిమి దొరకకుండా పోతుంది.

ఉద్యోగానికి వెళ్ళవద్దని నేను అనను. మొదట్లో సగం పూట అడుగు. కాస్త ఎత్తైన కుర్చీ వేయించుకుని కూర్చునే చెప్పు, మధ్యలో లేచి నాలుగడుగులు వెయ్యి. సాయంత్రం వచ్చిన వాపు తెల్లారేసరికి తీయకపోతే ముందురోజు ఎక్కువ చేశావని అర్థం, ఆ రోజు తగ్గించు.

రాత్రిళ్ళు నిద్ర పట్టక ఏడుస్తున్నావని కూడా మరదలు చెప్పింది. నాకు చెప్పవు. చిన్నప్పుడు పడితే అంతే, మోకాలి గాయం అమ్మకు కనపడకుండా గౌను కిందకు లాక్కుని నవ్వుతూ తిరిగేదానివి. నిద్ర లేకపోతే నొప్పి రెట్టింపు అనిపిస్తుందే, ఆ సంగతీ డాక్టరుకు చెప్పు. ఏ వేళైనా నాకు ఫోను చెయ్యి, నాకూ ఈ వయసులో నిద్ర అంతంత మాత్రమే.

ఆదివారం నేనే చేస్తాను. ఆలోగా వెల్లకిలా పడుకుని కాలు చాపి, మరదలిని మోకాలి కింద చేయి పెట్టి చూడమను. “బాగానే ఉందక్కా” అంటే ఒప్పుకోను, చేయి ఎంతవరకు దూరిందో చెప్పాలి. మరదలిని పక్కనే ఉండమను, తననూ అడుగుతాను.

అక్క