తుపాకీ కొంటానంటున్న మేనల్లుడికి

చంటీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి అరగంట ఆవకాయ గురించి మాట్లాడి, పెట్టేసే ముందు "వాడు తుపాకీ కొంటాడంట వదినా, నువ్వైనా చెప్పు" అంది. అప్పటినుంచి నాకు నిద్ర లేదు. కానీ ముందు మీ మామయ్యని అడిగి ఆ తర్వాతే కొంటానన్నావని కూడా చెప్పింది, ఆ మాటకి మాత్రం కడుపు నిండిపోయింది. ఈ రోజుల్లో పెద్దవాళ్ళని అడిగి చేసేదెవరురా.

కొనొద్దని నేను చెప్పను. గ్యాస్ స్టేషన్ కౌంటర్ వెనక ఏళ్ళ తరబడి నిలబడ్డదాన్ని, నా దగ్గరా ఉంది. 2017లో ఇక్కడ అమెరికాలో, కాన్సాస్‌ రాష్ట్రం ఒలేతేలో మన శ్రీనివాస్ కూచిభొట్లని కాల్చి చంపినప్పుడూ, 2023 మేలో మన టెక్సస్‌లోనే ఆలెన్ మాల్‌లో ఎనిమిది మందిని చంపినప్పుడూ మనవాళ్ళ ప్రతి ఇంట్లో ఇదే మాట నడిచింది. ఆలెన్‌లో పోయినవాళ్ళలో మన హైదరాబాద్ అమ్మాయి కూడా ఉంది కదా. నీ ఇల్లు అక్కడికి దగ్గరే, నీ భయం నాకు తెలుసు. అర్థం చేసుకోకుండా తిట్టను.

తెలిసిన సంగతులు గబగబా చెప్పేస్తాను. గ్రీన్ కార్డు వచ్చింది కాబట్టి నువ్వు కొనొచ్చు. తుపాకుల డీలర్ దగ్గర కొనేటప్పుడు 4473 అని ఒక ప్రభుత్వ ఫారం నింపాలి, అందులో ప్రతి ప్రశ్నా చదివి నిజమే రాయి. స్నేహితుడెవడైనా "నీ పేరు మీద నాకొకటి కొనిపెట్టు" అంటే మొహం మీదే కాదని చెప్పు, దానికి ఫెడరల్ చట్టంలో పదిహేనేళ్ళ దాకా జైలు ఉంది. తుపాకీ నేరం ఒక్కటి మీద పడితే గ్రీన్ కార్డు ఉన్నా దేశం నుంచి పంపించేయొచ్చు. టెక్సస్‌లో 2021 సెప్టెంబర్ నుంచి లైసెన్స్ లేకుండానే పెట్టుకు తిరగొచ్చని చెప్పి క్లాసు మానేయకు, వెళ్ళి నేర్చుకో. మ్యాగజీన్, అంటే తూటాలుండే డబ్బా, తీసేస్తే తుపాకీ ఖాళీ అయిపోయిందనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు, కానీ గొట్టం మొదట్లో ఉండే ఛాంబర్‌లో ఒక తూటా ఉండిపోవచ్చు. పిస్టల్ పైన జరిగే భాగాన్ని, అంటే స్లైడ్‌ని, వెనక్కి లాగి, కళ్ళతో చూసి, చిటికెన వేలు పెట్టి తడిమి చూడమని మీ మామయ్య నాకు నేర్పించాడు. నేను ఇప్పటికీ అలాగే చేస్తాను.

ఇక అసలు సంగతి. నేను ఈ ఉత్తరం రాస్తున్నదే దీని కోసం.

మీ మామయ్యతో రేంజ్‌కి, అంటే తుపాకీ కాల్చడం ప్రాక్టీస్ చేసే చోటికి, వచ్చే నెల్లూరాయన ఒకాయన ఉండేవాడు. మంచి మనిషి, తన తుపాకీని రోజూ తుడిచి పెట్టుకునే రకం. గురి చూసి కొడితే అందరూ ఆగి చూసేవాళ్ళు. ఒక శనివారం సాయంత్రం కుటుంబంతో గుడికి వెళ్ళాడు. గుమ్మం పక్కన 30.06 బోర్డు ఉంది, అంటే తుపాకీతో లోపలికి రాకూడదని. చట్టం పాటించే మనిషి కదా, వెనక్కి వెళ్ళి పిస్టల్ నడుం మీంచి తీసి కారులో రెండు సీట్ల మధ్య కన్సోల్‌లో పెట్టి, మూత వేసి, కారు లాక్ చేసి వచ్చాడు. హారతి తీసుకుని ప్రసాదం తిని బయటికొచ్చేసరికి కారు అద్దం పగిలి ఉంది. పిల్ల స్కూల్ బ్యాగు అక్కడే ఉంది, లాప్‌టాప్ కూడా అక్కడే ఉంది. పిస్టల్ ఒక్కటే లేదు. ఆయన కారు వెనక తుపాకీ కంపెనీ స్టిక్కర్ ఒకటి ఉండేది, ఇందులో ఏముందో దొంగకి ఆ స్టిక్కరే చెప్పింది.

పోలీసులు సీరియల్ నంబర్ అడిగితే ఆయన దగ్గర లేదు. ఎక్కడా రాసి పెట్టుకోలేదు. తర్వాత వెతికి ఇస్తానన్నాడు, ఇవ్వలేదు. దొంగతనం జరిగితే ఓనరు రిపోర్టు ఇచ్చి తీరాలనే చట్టం టెక్సస్‌లో లేదు, దాంతో ఆయన్ని ఎవరూ తరిమి అడగలేదు కూడా. కొన్ని నెలల తర్వాత ఇద్దరు డిటెక్టివ్‌లు తలుపు కొట్టారు. ఒక గ్యాస్ స్టేషన్ దోపిడీలో దొరికిన పిస్టల్ నంబర్ పట్టుకుని కంపెనీ దగ్గరికి, అక్కడినుంచి డీలర్ దగ్గరికి, డీలర్ దాచిన 4473 ఫారంలోంచి ఈయన ఇంటికి వచ్చారు. కౌంటర్‌లో ఉన్న కుర్రాడికి తొడలో తూటా దిగింది. బతికాడు, కానీ మళ్ళీ సరిగ్గా నడవలేడన్నారు.

ఆ ఆదివారం రేంజ్ బయట కాఫీ దగ్గర మొదలైన వాదన నేను చచ్చేదాకా మర్చిపోలేను. "నా కారు దొంగిలించి ఎవడో మనిషిని గుద్దితే నన్ను జైల్లో పెడతారా, కాల్చినవాడిది తప్పు, దొంగిలించినవాడిది తప్పు, ఈయనదేముంది" అని ఒకాయన. "కోట్లమంది దగ్గర తుపాకులున్నాయి, ఎవడో చేసినదానికి మనందరం తల వంచుకోవాలా" అని ఇంకొకాయన. సగం మంది అదే పాట. నెల్లూరాయన ఒక్క మాట అనలేదు, పేపర్ కప్పు అంచుని ముక్కలు ముక్కలుగా చింపుతూ కూర్చున్నాడు. మీ మామయ్య మాత్రం "చట్టం ఏమంటుందో వదిలేయండి, ఆ కుర్రాడి తల్లి ఎదురుగా నిలబడి ఈ మాటే అనగలరా?" అని అడిగాడు. ఎవరూ జవాబు చెప్పలేదు. ఆ కుర్రాడి చోటులో నేనూ నిలబడ్డాను చంటీ, రాత్రి పదకొండింటికి, తలుపు చప్పుడైతే ముందు చేతుల వైపు చూస్తూ. అందుకే ఆ వాదనలో నేను ఎటువైపో నన్ను ఎవరూ అడగక్కర్లేదు.

కాబట్టి కారులో వదలకు. వదలాల్సి వచ్చేచోటికి తుపాకీ తీసుకెళ్ళకు, గుడికి అసలు తీసుకెళ్ళకు. తప్పదనుకుంటే కారు ఫ్రేముకి కేబుల్‌తో కట్టేసే చిన్న సేఫ్ దొరుకుతుంది, అది కొను. సీరియల్ నంబర్ రెండు చోట్ల రాసుకో, పోయిందని తెలిసిన గంటలో పోలీసులకి చెప్పు. స్టిక్కర్లు అంటించావంటే నేనే వచ్చి గీకేస్తాను.

ఇంట్లో కూడా అంతే. మిషిగన్‌లో ఆక్స్‌ఫర్డ్ స్కూల్ సంగతి నీకు గుర్తుండే ఉంటుంది. 2021 నవంబర్‌లో పదిహేనేళ్ళ పిల్లాడు నలుగురిని చంపాడు, నాలుగు రోజుల ముందు ఆ పిస్టల్ కొన్నది వాళ్ళ నాన్న. ఆరోజు పొద్దున స్కూలువాళ్ళు తల్లిదండ్రుల్ని పిలిచి వాడు గీసిన బొమ్మ చూపిస్తే, ఇంటికి తీసుకెళ్ళకుండా వదిలి వెళ్ళారు. 2024లో ఇద్దరికీ తలో పది నుంచి పదిహేనేళ్ళ శిక్ష పడింది. ట్రిగ్గర్ నొక్కింది వాళ్ళు కాదు. నన్నడిగితే ఆ తీర్పు న్యాయమే. నీ చిన్నదానికి ఇప్పుడు మూడేళ్ళేలే అనుకోకు, మూడేళ్ళ పిల్లలు సొరుగులు లాగని ఇల్లు ఉందా? తలగడ కింద, బీరువా మీద, బట్టల మధ్య, ఇవేవీ దాచడం కాదు. తుపాకీ కంటే ముందు సేఫ్ ఇంటికి రావాలి.

మీ తాతయ్య దగ్గర లైసెన్స్ ఉన్న డబుల్ బ్యారెల్ ఉండేది, నువ్వు చూడలేదు. అడవిపందులు మొక్కజొన్న తొక్కేస్తుంటే చప్పుడు చేసి తోలడానికి. ఎన్నికలొస్తే మధిర స్టేషన్‌లో అప్పగించి రసీదు తెచ్చుకునేవాడు. తుపాకీ ఆయనది, తూటాల పెట్టె తాళం మాత్రం మీ నాయనమ్మ కొంగుకి. ఒకసారి గట్టు తగాదాలో పక్క చేనువాళ్ళు చేయి చేసుకుంటే చొక్కా చిరిగి ఇంటికొచ్చి తాళం తెమ్మని ఇల్లు ఎగిరిపోయేలా అరిచాడు. నాయనమ్మ కంచం పెట్టి "అన్నం తిన్నాక అడుగు" అంది. ఆయన తిన్నాడు. తిన్నాక మళ్ళీ అడగలేదు. అప్పుడు నేను వసారాలో స్తంభం పట్టుకుని చూస్తున్నాను. నీ భార్యకి ఆ అధికారం ఇవ్వు నాన్నా. నీ మొహం చూసి ఆమె "ఈ నెల దీన్ని అత్తయ్య ఇంట్లో పెడదాం" అంటే ఎదురు మాట్లాడకుండా తెచ్చి మా సేఫ్‌లో పెట్టు.

చివరికి నన్ను నిజంగా భయపెట్టేది ఇంటి బయట తిరిగే దొంగ కాదురా. 2021లో ఈ దేశంలో తుపాకీ వల్ల పోయినవాళ్ళు 48,830 మంది అయితే, వాళ్ళలో 26,328 మంది తమ ప్రాణం తామే తీసుకున్నవాళ్ళు. నీ బావమరిది మీ ఇంట్లోనే ఉన్నాడు, వాడి ఉద్యోగం పోయింది, హెచ్1బీ వీసా మీద ఉన్నవాడికి ఇంకో ఉద్యోగం చూసుకోవడానికి అరవై రోజుల టైమే ఉంటుంది. గదిలోంచి రావట్లేదనీ, సరిగ్గా తినట్లేదనీ మీ అమ్మే చెప్పింది. వాడి వీసా మీద తుపాకీ ముట్టుకోవడమే చట్టానికి విరుద్ధం, హంటింగ్ లైసెన్స్ లాంటి మినహాయింపు ఉంటే తప్ప. కానీ నా బాధ చట్టం గురించి కాదు. వాడికి ఉద్యోగం దొరికి, మనిషి మళ్ళీ మామూలయ్యేదాకా ఆ ఇంట్లోకి తుపాకీ రాకూడదు. సేఫ్ ఉన్నా రాకూడదు. ఈలోగా వాడి పక్కన కూర్చో, నిద్ర పడుతోందా, బతకాలని లేదా అని నోరు తెరిచి అడుగు. అడిగితే ఆలోచన పుడుతుందని మనవాళ్ళు భయపడతారు, అలా ఏం పుట్టదు. ఇలాంటి బాధలో ఉన్నవాళ్ళతో మాట్లాడే హెల్ప్‌లైన్ 988కి అర్ధరాత్రైనా ఫోన్ చేయొచ్చని వాడికి చెప్పు.

నీకు అడగడానికి మొహమాటమైతే ఈ ఆదివారం వాణ్ణి మా ఇంటికి తీసుకురా, నేను అడుగుతాను. గోంగూర మటన్ వండుతాను. రేంజ్ సంగతి మీ మామయ్య ఆ తర్వాత చూసుకుంటాడు.

మీ అత్త