శిక్ష పూర్తయి ఇంటికొచ్చే మనిషికి ఓటు, పాస్‌పోర్టు, పని

కొట్లాట కేసులో రెండేళ్ళ పైన శిక్ష అనుభవించి మీ తమ్ముడు వచ్చే నెల రాజమండ్రి సెంట్రల్ జైలు నుంచి వస్తున్నాడని, ఇకమీదట అతనికి ఓటు, పాస్‌పోర్టు, ఉద్యోగం ఉంటాయా అని అడిగారు. మా అన్నయ్య కూడా పొలం గట్టు తగాదాలో 326 సెక్షన్ (ఆయుధంతో తీవ్రంగా గాయపరచడం) కింద మూడేళ్ళ శిక్ష పడి, అక్కడే ఉండి వచ్చాడండి. మాది కోనసీమలో అంబాజీపేట పక్కన.

ఓటు ఎక్కడికీ పోదు. జైల్లో ఉన్నన్నాళ్ళే వేయకూడదు. జాబితాలోంచి పేరు తీసేసి ఉంటే ఓటరుగా పేరు చేర్చమనే ఫారం 6 పెట్టించండి.

ఆస్తి గురించి మీరు అడగలేదు కానీ చెప్పాలి. "జైలుకెళ్ళినోడికి వాటా ఏంటి" అని మా వాళ్ళే కొందరు అన్నారు. అది శుద్ధ అబద్ధం. హిందూ వారసత్వ చట్టం, 1956లో 25వ సెక్షన్ చెప్పేది హత్య సంగతి. చంపినవాడికి చనిపోయిన మనిషి ఆస్తి రాదు, అంతే. కొట్లాట కేసుకి, నాన్నగారి పొలంలో వాటాకి సంబంధం లేదు. విడుదలై వచ్చిన మనిషి తలవంచుకుని ఉంటాడు, ఏ కాగితం మీదైనా సంతకం పెట్టేస్తాడు. దయచేసి పెట్టనివ్వకండి.

పాస్‌పోర్టుకి ఒక లెక్క ఉంది. నైతిక పతనం (నీతిమాలిన పనిగా చట్టం చూసేది) కిందికొచ్చే నేరంలో రెండేళ్ళు, ఆపైన శిక్ష పడితే, దరఖాస్తుకి ముందు ఐదేళ్ళలో ఆ తీర్పు వచ్చి ఉంటే నిరాకరించొచ్చు. ఐదేళ్ళు లెక్కేసేది తీర్పు రోజు నుంచి, విడుదల రోజు నుంచి కాదు. కోర్టులో ఇంకో క్రిమినల్ కేసు విచారణలో ఉంటే అది వేరే అడ్డంకి. మన వైపు అందరూ చూసేది కువైట్, మస్కట్‌లే కదా, అక్కడికి పోలీస్ క్లియరెన్స్ (కేసుల గురించి పోలీసులిచ్చే పత్రం) కూడా అడగొచ్చు. పాస్‌పోర్టు చేతికి రాకముందే ఏజెంటుకి డబ్బు కట్టకండి.

ప్రభుత్వ ఉద్యోగానికి దరఖాస్తు చేస్తే కేసు దాచొద్దు. చెబితే తీసుకుంటారన్న హామీ లేదు, కానీ దాచింది బయటపడితే చేరాక కూడా తీసేయొచ్చు. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు వివరంగా చెప్పింది.

అసలు కష్టం ఊళ్ళో పని దొరకడం. అన్నయ్య ముందు తెలిసినవాళ్ళ కొట్లు, రైసు మిల్లు తిరిగాడు. అందరూ కాఫీ ఇచ్చి కూర్చోబెట్టి "చూద్దాంలే" అన్నారు. ఆ మాటకి మనిషి బాగా కుంగిపోయాడు. చివరికి కొబ్బరి ఒలుపులో నిలబడ్డాడు. అక్కడ ఎన్ని కాయలు ఒలిస్తే అంత కూలి, పాత సంగతి ఎవరూ అడగరు. కొన్నాళ్ళకి కొట్టు యజమానే కాయల రాశుల లెక్క అతని చేతికిచ్చాడు. మీ తమ్ముణ్ణి కూడా వచ్చిన కొత్తలో ఇంట్లో ఖాళీగా కూర్చోనివ్వొద్దని నా గట్టి అభిప్రాయం. రొయ్యల చెరువైనా, చెట్టెక్కి కొబ్బరికాయలు దింపే పనైనా సరే.

ఇంకోటి, ఎన్నికలకి, సంక్రాంతి కోడిపందేలకి ముందు స్టేషన్ నుంచి పిలుపు రావచ్చు. తహసీల్దారు ముందు బైండోవర్ చేస్తారు. అది కొత్త శిక్ష కాదు, గొడవ చేయనని రాసిచ్చే పూచీకత్తు. గడువు ఎన్నాళ్ళో చదివాకే సంతకం పెట్టమనండి, నకలు అడిగి తీసుకోండి. తీర్పు నకలు, జైలు విడుదల పత్రం కూడా దానితో కలిపి ఒకే ఫైల్లో పెట్టండి. లాయరుకి డబ్బు లేకపోతే కోర్టు ఆవరణలోని న్యాయ సేవల కమిటీలో అడగండి, ఆదాయం తక్కువున్నవాళ్ళకి ఉచితంగా ఇస్తారు.