ఫాయిల్ నేర్చుకోబోయే మేనకోడలికి

తిరుపతి

అమ్మణ్ణీ,

రామేశ్వరంలో కైట్ ఫాయిల్, అంటే పెద్ద గాలిపటం లాగుతుంటే కింద రెక్కలున్న బోర్డు మీద నిలబడి నీళ్లపై సాగే ఆట, నేర్చుకోబోతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఆమెకు టెన్షన్‌గా ఉంది. కైట్ నడపడం నీకు వచ్చు కాబట్టి దాని గురించి రాయను. ఇకపై నువ్వు భయపడాల్సింది బోర్డు కింద ఉండే రెక్కలకు, అంటే ఫాయిల్‌కు. అల్యూమినియంవైనా కార్బన్‌వైనా, వాటి అంచు కత్తిపీటలా కోస్తుంది. మొదట్లో పదేపదే పడతావు, పడేది వాటి పక్కనే.

అందుకే ఫాయిల్ కంటే ముందు హెల్మెట్ కొనాలి. సైకిల్ హెల్మెట్ పనికిరాదు. నీటి ఆటలకు చేసినది, ఈఎన్ 1385 అని (నీటి ఆటల హెల్మెట్లకు యూరప్ ప్రమాణం) రాసి ఉన్నది, చెవులనూ కప్పేది తీసుకో. 2024 ఒలింపిక్స్‌లో ఫార్ములా కైట్ (కైట్ ఫాయిల్ రేసు) పోటీలకు దిగినవాళ్లు కూడా హెల్మెట్ పెట్టుకునే ఆడారు. పక్కటెముకలకు దెబ్బను తట్టుకునే మెత్తటి జాకెట్, ఇంపాక్ట్ వెస్ట్, కావాలి. కైట్ కోసం కుట్టిన పొట్టి వెస్ట్ అయితేనే హార్నెస్ (కైట్‌ను ఒంటికి తగిలించే బెల్టు) నడుము దగ్గర సరిగ్గా కూర్చుంటుంది. అది లైఫ్ జాకెట్ కాదు, స్పృహ తప్పితే నీ ముఖాన్ని నీళ్ల పైన ఉంచదు. ఎంత ఉక్కగా ఉన్నా కాళ్లు పూర్తిగా కప్పే పలుచని వెట్‌సూట్, నీటి బూట్లు వేసుకో. హార్నెస్‌కు తాళ్లు కోసే చిన్న కత్తి ఉండాలి.

మాస్ట్, అంటే బోర్డును రెక్కలకు కలిపే నిలువు కడ్డీ, 45 నుంచి 60 సెంటీమీటర్ల లోపుది ఇమ్మని అడుగు. పాదాలను బోర్డుకు పట్టి ఉంచే ఫుట్ స్ట్రాపులు ఇప్పుడే వద్దు. బోర్డును నీకు కట్టే తాడు, లీష్, అసలే వద్దు, అది సాగి బోర్డును నీ మీదికే లాగుతుంది.

ఇక పడటం. పడబోతున్నావని తెలియగానే నిలదొక్కుకోవాలని చూడకు. చాలా దెబ్బలు ఆ ఒక్క క్షణం మొండితనం వల్లే తగులుతాయి. బోర్డును కాళ్లతో అవతలికి తోసి, వెనక్కో పక్కకో పడిపో. తల ముందు పెట్టి దూకకు. నీళ్లలోంచి పైకి వచ్చేటప్పుడు చేతులు తలకు అడ్డం పెట్టుకో, బోర్డు ఎక్కడుందో చూశాకే కదులు. ముందు కాలి మీద బరువు ఉంచితే రెక్క నీళ్లలోంచి పైకి లేవదు, చాలా పడిపోవడాలు అలాగే తగ్గుతాయి.

పులికాట్ సరస్సు దగ్గరే కదా, అక్కడ ప్రాక్టీస్ చేస్తానన్నావట. వద్దమ్మా. దాని సగటు లోతు మీటరు చుట్టుపక్కలే. రెక్క బురదకు తగిలితే బోర్డు అక్కడికక్కడే ఆగుతుంది, నువ్వు మాత్రం ముందుకు ఎగిరిపడతావు. పైగా అది పక్షుల అభయారణ్యం.

గాయమైతే పసుపు అద్ది ఊరుకోకు. శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కిపట్టి, ఆ రోజే డాక్టరుకు చూపించు, టీటీ సంగతి కూడా అడుగు. తలకు దెబ్బ తగిలితే హెల్మెట్ ఉన్నా సరే ఆ రోజుకు నీళ్లలోకి దిగకు. వాంతులో మగతో వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లు.

కనుబొమ్మల పైనుంచి తల చుట్టుకొలత టేపుతో తీసి పంపించు. హెల్మెట్ నేను తెప్పిస్తాను.

మీ మామయ్య